కొండల్లో కొలతకు ఇద్దరు మనుషులు కావాలి

సంపాదకులకు నమస్కారం.

భూముల రీసర్వే అనగానే డ్రోన్లు, రోవర్ల (ఉపగ్రహాల సాయంతో చేను మూలల స్థానం పట్టే పరికరాలు) మాటే వినిపిస్తుంది. పాడేరు, చింతపల్లి వైపు ఆ రోవర్ భుజాన వేసుకుని గెడ్డలు దాటి కొండెక్కేది చాలాసార్లు ఒక్క సర్వేయరే. కాలు జారినా పాము కరిచినా పలికే దిక్కు లేదన్నది ఒక బాధ. ఒంటరిగా తీసిన కొలత వల్ల రైతు సెంట్ల లెక్కన భూమి పోగొట్టుకుంటాడన్నది అంతకంటే పెద్ద బాధ.

2020 డిసెంబరులో మొదలైన ఈ సర్వేకు కోర్స్ స్టేషన్లు, అంటే ఉపగ్రహ సంకేతాల్లోని తప్పును లెక్కగట్టే స్థిర కేంద్రాలు, ఆధారం. అవి పంపే సవరణలు మొబైల్ డేటా మీద రోవర్‌కు అందితేనే ‘ఫిక్స్’ (పక్కా స్థానం) పడుతుంది, చేను మూల రెండు మూడు సెంటీమీటర్ల తేడాలో దొరుకుతుంది. లోయలోకి దిగి సిగ్నల్ పోతే ‘ఫ్లోట్’ (అంచనా స్థానం) దగ్గర ఆగుతుంది. అప్పుడు అడుగు, అడుగున్నర తేడా వచ్చినా ఆశ్చర్యం లేదు. కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్ల కింద మరీ కష్టం. అక్కడ డ్రోన్‌కు గట్టు కనపడదు, రోవర్‌కు ఆకాశం సరిగా కనపడదు. ‘ఫిక్స్’ అని చూపిస్తూనే తప్పు బిందువు ఇచ్చే సందర్భాలూ ఉంటాయి. అందుకే ప్రతి మూలనూ కనీసం అరగంట ఎడంతో, ఫిక్స్ వదిలేసి మళ్లీ తెచ్చుకుని రెండోసారి తీయాలి. రెండింటికీ 5 సెంటీమీటర్లు మించి తేడా వస్తే రెండూ కొట్టేసి మళ్లీ మొదలుపెట్టాలి. రోవర్ బిగించిన 2 మీటర్ల పోల్ ఒక్క డిగ్రీ వాలితే మూడున్నర సెంటీమీటర్లు పోతాయి. ఏటవాలు రాళ్లలో ఒక చేత పోల్, ఇంకో చేత కంట్రోలర్ పట్టుకుని పోల్ నిటారుగా ఉందని చూపే మట్టపు బుడగను మధ్యలో నిలపడం ఆఫీసులో కూర్చున్నవారికి తెలిసే సంగతి కాదు.

సిగ్నల్ లేని ఊళ్లకు ఉపాయం లేకపోలేదు. కోఆర్డినేట్లు తెలిసిన బిందువు మీద, గుట్టపైన బేస్ రిసీవర్ పెట్టి రేడియోతో రోవర్‌కు సవరణలు పంపవచ్చు. అయితే ఆ ట్రైపాడ్ దగ్గర మనిషి ఉండాలి. మేక వచ్చి కాలు తగిలించిందంటే ఆ తర్వాత తీసిన బిందువులన్నీ ఒకే వైపు జరిగిపోతాయి, సాయంత్రం దాకా ఎవరికీ తెలియదు.

అసలు నష్టం టేపు తీసినప్పుడు జరుగుతుంది. ఎఫ్ఎంబీలో (ఊరి చేల కొలతల పటాల పుస్తకం) రాసినవి సమతలపు దూరాలు. వాలులో టేపును మట్టంగా ఎత్తిపట్టి, దారానికి గుండు వేలాడదీసి, మెట్లు మెట్లుగా కొలవాలి. ఒంటరి మనిషి ఒక కొసను మేకుకు తగిలించి నేల మీదే పరుస్తాడు. 15 డిగ్రీల వాలులో అలా పరిచిన 20 మీటర్ల టేపు నిజానికి 19.32 మీటర్లే. రికార్డులో 100 మీటర్లున్న గట్టుకు ఇలా కొలిచి రాయి పాతితే దాదాపు 3.4 మీటర్లు ముందే పడుతుంది. చేను వెడల్పు మరో 100 మీటర్లుంటే ఎనిమిది సెంట్లు పైగా పక్కవాడి పాలు.

పోనీ ఎవరినైనా సాయం పిలుద్దామా అంటే, దొరికేది ఆ గట్టు తగాదాలో ఉన్న రైతే. టేపు రెండో కొస ఆయన చేతిలో ఉంటే ఆ కొలతను పక్క చేను ఆసామి ఒప్పుకుంటాడా? ఒప్పుకోకపోతే, 1923 సర్వే, సరిహద్దుల చట్టం 13వ సెక్షన్ నోటిఫికేషన్ వచ్చిన మూడేళ్లలోగా సివిల్ కోర్టుకెక్కాలి. కొండమీద నాలుగు ఎకరాలున్నవాడికి ఆ ఖర్చు ఎక్కడిది?

కాబట్టి అధికారులు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. ఏజెన్సీలో ప్రతి సర్వేయర్ వెంట ఆ ఊళ్లో భూమి లేని సహాయకుణ్ణి ఇవ్వాలి. సిగ్నల్ లేని పంచాయతీలకు బేస్, రేడియో ముందే చేర్చాలి. మైదానంలో రోజుకు ఇన్ని ఎకరాలన్న లెక్కను కొండకు వర్తింపజేయొద్దు. బయల్దేరే ముందు ఏ గెడ్డ అవతలకు, ఎన్నింటికి తిరుగు ప్రయాణం అన్నది సచివాలయంలో రాసిపెట్టించాలి. పాము మందు ఏ ఆరోగ్య కేంద్రంలో ఉందో ఆ పుస్తకంలోనే ఉండాలి. కరిచిన కాలు కదపకూడదంటారు కదా, ఒంటరివాడు నడవక ఏం చేస్తాడు? వరికోతలయ్యాక, డిసెంబరు నుంచి మార్చి వరకు ఈ పని పెట్టుకుంటే గెడ్డల్లో నీరు తగ్గి ఉంటుంది, తుప్పలూ పలచబడతాయి. ఉదయపు పొగమంచుతో రోవర్‌కు ఇబ్బంది లేదు. కాంతికిరణంతో దూరం, కోణం కొలిచే టోటల్ స్టేషన్ మాత్రం మంచు విడిచాకే తీయాలి.

– ఒక సర్వేయర్,
అల్లూరి సీతారామరాజు జిల్లా