అమ్మా, ముందు ఇది నువ్వొక్కదానివే చదువు

లండన్,
14 డిసెంబర్ 2025

అమ్మకు నమస్కారాలు,

ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏంటని కంగారు పడకు. నా ఒంట్లో బాగానే ఉంది. ఫోన్ అయితే నువ్వు స్పీకర్ పెడతావు, నానమ్మ మంచం మీద నుంచే ఏదో అడుగుతుంది, తమ్ముడు మధ్యలో లాక్కుంటాడు. నీకొక్కదానికే చెప్పాల్సిన మాట ఉంది, అందుకే రాస్తున్నాను.

పోయిన ఆదివారం వీడియో కాల్‌లో నా వేళ్లు చూసి "ఏమైందిరా" అన్నావు. చలికి పగిలాయని చెప్పి ఫోన్ పక్కకు తిప్పేశాను. చలి కొంత నిజమే. కానీ లైబ్రరీలో పని అని చెప్పింది మాత్రం నిజం కాదమ్మా. అక్టోబర్ నుంచి ఒక హోటల్ వంటింట్లో గిన్నెలు కడుగుతున్నాను.

ఏడవకు. పూర్తిగా చదువు.

వారానికి 20 గంటలే. కాలేజీ నడిచే రోజుల్లో అంతకు మించి చేయకూడదని వీసాలోనే ఉంది. నేను దాటడం లేదు, దాటితే చదువే పోతుందని నాకూ భయమే. గంటకు 12 పౌండ్ల 21 పెన్నీలు ఇస్తారు. ఇక్కడి గవర్నమెంట్ పెట్టిన కనీస కూలి అది. గది అద్దె, బియ్యం, బస్సు ఖర్చు అందులోనే వెళ్లిపోతున్నాయి. రెండు నెలలుగా నాన్నను రూపాయి అడగలేదు, గమనించావు కదా. లైబ్రరీలో నిజంగానే అప్లై చేశాను. ఇంకో రెండు షాపుల్లోనూ ఇచ్చాను. పిలిచింది వీళ్లే.

వంట చేసే పెద్దాయన బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ నుంచి వచ్చారు. నాన్నకన్నా పెద్దవారు. నాకు బెంగాలీ రాదు, ఆయనకు తెలుగు రాదు, ఇద్దరం హిందీలో కుస్తీ పడతాం. షిఫ్ట్ అయ్యాక నేను తినకుండా వెళ్లనివ్వరు. డబ్బాలో అన్నం, పప్పు సర్ది చేతిలో పెడతారు. నేను చిక్కిపోలేదు, ఆ కెమెరాలో అలా కనిపిస్తున్నానంతే.

చేతుల సంగతి. వేడి నీళ్లు, సబ్బు, బయటికి రాగానే ఈ గాలి. రబ్బరు గ్లౌజులు ఉన్నాయి, కానీ లోపల చెమట పట్టి నానిపోతుంటే తీసేసేవాణ్ణి. మందుల షాపులో చూపిస్తే లోపల నూలు గ్లౌజులు, పైన రబ్బరువి వేసుకోమన్నారు, ఆయింట్‌మెంట్ ఇచ్చారు. నాలుగు రోజుల్లోనే నయం. పడుకునే ముందు నువ్విచ్చిన కొబ్బరి నూనె రాస్తున్నాను. చలికి సీసాలో రాయిలా గడ్డకడుతుంది, హీటర్ మీద పెడితే మెల్లగా కరుగుతుంది. మూత తీస్తే మన ఇంట్లో ఆదివారం తలంటు వాసన. అది కరిగేదాకా సీసా పట్టుకుని కూర్చుంటాను, రోజు మొత్తంలో నాకు బాగా ఇష్టమైన సమయం అది.

దాచానని కోపం రావచ్చు. 2019 ఆర్టీసీ సమ్మెలో నాన్న 52 రోజులు ఇంట్లో ఉన్నప్పుడు, మేం పడుకున్నాక నువ్వు చీరలకు ఫాల్స్ కుట్టేదానివి. పొద్దున అడిగితే పక్కింటి ఆంటీ చీరలే, ఊరికే కుట్టి పెడుతున్నా అనేదానివి. ఒక్క ఆంటీకి అన్ని చీరలెక్కడివని అప్పుడు నాకు తట్టలేదు. ఇక్కడ సింక్ దగ్గర నిలబడి ఉండగా ఒకరోజు తట్టింది. ఆ రోజు చాలా ఏడుపొచ్చింది.

చదువు బాగానే సాగుతోంది. జనవరిలో రెండు అసైన్‌మెంట్లు ఇవ్వాలి, ఒకటి సగం అయింది.

నాన్నకు బస్సుల గురించి చెప్పు, ఇది స్పీకర్ పెట్టి చెప్పే మాటే. ఇక్కడ బస్సులో డబ్బులు తీసుకోరు. కార్డు ఆనిస్తే 1 పౌండ్ 75 పెన్నీలు పడుతుంది. అక్కణ్ణుంచి గంటలోపు ఎన్ని బస్సులు మారి ఎక్కినా మళ్లీ తీసుకోరు. కండక్టర్ లేకపోతే ముసలివాళ్లను ఎవరు ఎక్కిస్తారని నాన్న అడిగారు కదా. స్టాపులో బస్సే ఫుట్‌పాత్ వైపు కొంచెం కిందికి వంగుతుంది. చక్రాల కుర్చీ ఉంటే డ్రైవర్ బటన్ నొక్కుతాడు, తలుపు కింద నుంచి పలక బయటికి వస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నాన్న పక్కన లేరే అనిపించింది. నేనెప్పుడూ పైఅంతస్తులో ముందు సీట్లో కూర్చుంటాను. హైదరాబాద్‌లో 7జడ్ రూటు డబుల్ డెక్కర్‌లో కిందికీ పైకీ మెట్లెక్కుతూ టికెట్లు కొట్టేవాణ్ణని నాన్న ఎన్నిసార్లు చెప్పారో. ఆ బస్సు నేను చూడలేదు, ఇక్కడ కూర్చున్నప్పుడు చూసినట్టే ఉంటుంది. మన ఆర్టీసీ 1932లో నిజాం హయాంలో 27 బస్సులతో మొదలైందని చెబుతారు కదా, ఆ ఆల్బియన్ కంపెనీ బళ్లు స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో తయారయ్యేవి. వేసవిలో వీలైతే అక్కడికి వెళ్లి ఫొటో పంపుతానని చెప్పు.

రాత్రి పదకొండుకు పని దిగి బస్సెక్కుతాను. అప్పుడు మీకు నాలుగున్నర. నాన్న మొదటి డ్యూటీకి బయల్దేరుతూ ఉంటారు, నువ్వు టీ పెడుతూ ఉంటావు. ఒంటరిగా వస్తున్నావా అని బెంగ పెట్టుకోకు, ఆ టైంలో కూడా బస్సు నిండా మనుషులుంటారు.

నాలుగు కాకముందే పొద్దు గుంకుతోందమ్మా. క్లాసు అయి బయటికొస్తే దీపాలు పెట్టేసి ఉంటాయి. అది మాత్రం ఇంకా అలవాటు కాలేదు.

క్రిస్మస్ రోజు ఇక్కడ రైళ్లు, బస్సులు ఏవీ తిరగవు. మా హోటల్ కూడా మూసేస్తారు. గదిలో ఖమ్మం అబ్బాయి, గుంటూరు అన్న, నేను కలిసి బగారన్నం వండుదామనుకున్నాం. ఈస్ట్‌హామ్‌లో చింతపండు, కరివేపాకు అన్నీ దొరుకుతాయి. నేను వండితే షాజీరా మాడిపోతోంది. ఎప్పుడు వేయాలో ఫోన్‌లో చెప్పు.

సకినాలు పార్సిల్ చేయకు. ఛార్జీకే ఎక్కువవుతుంది, దారిలో పొడైపోతాయి. అక్క వాళ్లు సంక్రాంతికి వస్తే నా వంతు చిన్నదానికి పెట్టు. నానమ్మకు చలికి మోకాళ్లు పట్టేస్తున్నాయన్నావు, నా బ్లూ స్వెట్టర్ బీరువాలో కింద అరలో ఉంది, వదులుగా ఉంటుంది, ఆమెకు వెయ్యి. నాన్న షుగర్ టెస్ట్ వాయిదా వేస్తే ఊరుకోకు. వడ్డీ కట్టాలని ఓవర్‌టైం డ్యూటీలు అడుగుతున్నారని తమ్ముడు చెప్పాడు. వద్దని చెప్పు. మార్చి నుంచి కొంచెం నేను పంపగలను.

గిన్నెల సంగతి నాన్నకు నువ్వే చెప్పు. ఆయన అన్నం తిన్నాక, టీవీ కట్టేశాక చెప్పు. నానమ్మకు వద్దు. శనివారం ఫోన్ చేస్తాను, ఈసారి చేతులు నేనే చూపిస్తాను. ఎత్తగానే స్పీకర్ పెట్టకు, ఒక్క నిమిషం నీతో మాట్లాడాలి.

నీ
చిన్నా