ముందు వాననీటి దారి గీయండి

అయ్యా,

కొర్లగుంట, తాతయ్యగుంట, గొల్లవానిగుంట, తుమ్మలగుంట. తిరుపతిలో ఆటోవాళ్లకు రోజూ చెప్పే పేర్లే ఇవి. గుంట అంటే నీళ్లు నిలిచే చోటు. ఊరికి ఉత్తరాన శేషాచలం కొండలు, దక్షిణాన స్వర్ణముఖి. కొండ మీద పడ్డ వాన కిందికి దిగి గుంటలనూ చెరువులనూ నింపేది. ఒకటి నిండితే మొరవ (అలుగు) పోయి కిందిదానికి పారేది, చివరకు ఏట్లో కలిసేది. గుంటలు పోయి పేర్లు మిగిలాయి. వాన మాత్రం ఇప్పటికీ ఆ దారినే వస్తోంది.

2021 నవంబరులో మా ఇంట్లోకి మోకాటి లోతు నీళ్లొచ్చాయి. బియ్యం మూట, పిల్లల సర్టిఫికెట్ల పెట్టె మంచం మీదకి ఎత్తేలోపే ఫ్రిజ్ పక్కకు ఒరిగిపోయింది. రెండు రోజులు నీళ్లు కదల్లేదు. ఆ వారంలోనే కపిలతీర్థంలో మండపం దెబ్బతింది, తిరుచానూరు వైపు స్వర్ణముఖి ఒడ్డున ఇల్లు ఏట్లో కూలింది, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లను ఖాళీ చేయించారు. అంతకు ముందు నెలలో వెస్ట్ చర్చి దగ్గర రైల్వే అండర్ బ్రిడ్జిలో వాహనం మునిగి, దేవుడి దర్శనానికి వచ్చిన ఒక కొత్త పెళ్లికూతురు చనిపోయింది. ఆ వార్త చదివిన రోజు మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు.

నీళ్లు తీసేశాక మా వీధి చివరి అవ్వ ఒక మాట చెప్పింది. ఆమెకు ఎనభై దాటాయి. "ఈడ పెద్ద కాలవ ఉండె నాయనా. మొరవ నీళ్లు ఈ పక్కనే పొయ్యేటివి. మేం గుడ్డలు ఉతుక్కునేవాళ్లం" అంది. ఆమె చూపించిన చోట ఇప్పుడు ఒక అపార్ట్‌మెంట్ ఉంది. దాని పక్కన మిగిలింది రెండడుగుల సిమెంటు డ్రెయిన్. అదీ గోడ దగ్గరికి వచ్చి ఎల్ ఆకారంలో మలుపు తిరుగుతుంది. పైనుంచి జోరుగా వచ్చే నీళ్లు ఆ మలుపు దగ్గర ఆగక వీధిలోకి ఎగదన్నుతాయి. ఈ సంగతి మీద నేను అర్జీ కూడా పెట్టాను. రికార్డుల్లో ఆ చోట కాలువ లేదని సమాధానం వచ్చింది.

నన్ను బాగా కలవరపెట్టింది ఆ సమాధానమే. రాష్ట్రంలో నిబంధనలు లేక కాదు. 2017 భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువు హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువులకూ కుంటలకూ 9 మీటర్లు వదలాలి. పది మీటర్ల లోపు వెడల్పున్న కాలువకూ వాననీటి డ్రెయిన్‌కూ 2 మీటర్లు వదలాలి. అయితే ఈ కొలత వేయాలంటే ముందు కాలువ హద్దు కాగితం మీద ఉండాలి కదా. కాలువే పటంలో లేకపోతే 2 మీటర్లు ఎక్కణ్ణుంచి కొలుస్తారు? ప్లానుకు అనుమతి ఇచ్చే ఉద్యోగి నిజాయితీపరుడే అయినా చేయగలిగింది ఏముంటుంది?

ఎవరిని అడగాలో కూడా మామూలు మనిషికి తెలియదు. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలులో మొదటి రెండు అంశాలు పట్టణ ప్రణాళిక, భూ వినియోగ నియంత్రణ. అంటే అవి పట్టణ ప్రజలు ఎన్నుకున్న సభకు అప్పగించదగ్గ పనులు. కానీ మన దగ్గర మాస్టర్ ప్లాన్ 1981లో ఏర్పడిన తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) చేతిలో ఉంది. డ్రెయిన్లు కార్పొరేషన్‌వి, చెరువులు నీటిపారుదల శాఖవి లేదా పంచాయతీలవి, అండర్ బ్రిడ్జి రైల్వేది. కొండ మీది నీటికి ఈ హద్దులేవీ తెలియవు. పైగా 2007లో కార్పొరేషన్ అయిన మన ఊరు ఆ హోదాలో మొదటి ఎన్నికలు చూడ్డానికి 2021 మార్చి దాకా ఆగాల్సి వచ్చింది. ఊరు అన్ని దిక్కులకూ పెరిగిన 14 ఏళ్లలో, వార్డు తరఫున లేచి అడగడానికి కౌన్సిల్ లేకపోయింది.

ఇక డబ్బు సంగతి. 2016లో స్మార్ట్ సిటీ జాబితాలో చేరిన దగ్గర్నుంచి తిరుపతికి డబ్బు రాలేదని ఎవరూ అనలేరు. టీటీడీ, స్మార్ట్ సిటీ నిధులతో కట్టిన శ్రీనివాస సేతు 2023లో పూర్తయింది. ట్రాఫిక్‌కు మేలు జరిగింది, సంతోషం. మేమూ మా వంతు కడుతున్నాం. 2021 నుంచి ఇంటి పన్ను అద్దె విలువ బదులు ఆస్తి మూలధన విలువ మీద లెక్క కడుతున్నారు, పెంపు ఏడాదికి 15 శాతం మించకూడదని పెట్టారు. ఏప్రిల్‌లో 5 శాతం రాయితీ ఉంటుందని నేను మొదటి వారంలోనే కట్టేస్తాను. కట్టనని అనడం లేదు. కానీ వాన వచ్చిన ప్రతిసారీ ఇంజన్లు పెట్టి నీళ్లు తోడడం, తేలిన రోడ్డును మళ్లీ వేయడం, ఆ రోడ్డు ఎత్తు పెరిగి మా గడపలు కిందికి పోవడం... ఈ ఖర్చు ఏ పద్దులో రాసినా, మూసేసిన కాలువకు మనం ఏటా కడుతున్న అద్దె అదే.

భూ వినియోగం మార్చేటప్పుడు అభ్యంతరాలు చెప్పమని పత్రికల్లో ప్రకటన వేస్తారు. నేను అలాంటివి కత్తిరించి దాచుకుంటాను. ఫలానా సర్వే నంబరు, ఇన్ని ఎకరాలు, వ్యవసాయం నుంచి నివాసానికి అని ఉంటుంది. ఆ నంబరులోంచి ఏ చెరువు మొరవ పోతుందో రాయరు. నంబరు చూసి అది తన ఇంటి పైనున్న పొలమేనని గుర్తుపట్టే మనిషి ఊళ్లో ఎంతమంది ఉంటారు? గడువు అయిపోతుంది, అభ్యంతరాలు రాలేదని రాసుకుంటారు. కౌన్సిల్ అజెండా సంగతీ అంతే. సమావేశం ముగిశాక ఎవరు ఎవరితో గొడవపడ్డారో మరుసటి రోజు చదువుతాం. తీర్మానం దేని మీద అన్నది ముందుగా చేతికి రాదు. సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ఇలాంటివి అడక్కముందే బయట పెట్టమంటోంది.

అందుకే నేను కోరేది ఒక్క పటం. కొండ పాదం నుంచి స్వర్ణముఖి దాకా ప్రతి చెరువు, ప్రతి గుంట, ప్రతి కాలువ పాత సర్వే రికార్డుల్లో ఎలా ఉందో, నేడు ఎలా ఉందో సర్వే నంబర్లతో కలిపి గీయాలి. అన్ని శాఖలూ కలిసి ఒకే పటం గీయాలి. అది పూర్తయ్యేదాకా కాలువ దారిలో భూ వినియోగ మార్పు గానీ, కొత్త లేఅవుట్ గానీ ఇవ్వకూడదు. పట్టాలున్నవాళ్లను, అప్పు చేసి ఇల్లు కొనుక్కున్నవాళ్లను రోడ్డున పడేయమని నేను చెప్పడం లేదు. వాళ్లూ మా లాంటివాళ్లే. ఇల్లు కదపలేని చోట రోడ్డు కింద పెద్ద బాక్స్ డ్రెయిన్ వేయొచ్చు, పక్కనున్న ప్రభుత్వ స్థలంలోంచి దారి ఇవ్వొచ్చు. చుట్టుపక్కల గ్రామాలను కలిపి గ్రేటర్ తిరుపతి చేయాలంటున్నారు కాబట్టి ఈ పని ఇంకా తొందరగా కావాలి. పేరూరు, అవిలాల చెరువుల కింద ఇంకా కొన్ని కాలువలు కంటికి కనిపిస్తున్నాయి. కలిపాక వెతికితే దొరకవు.

వార్డు సచివాలయాల్లో ప్లానింగ్ చూసే కార్యదర్శులు ఉన్నారు. ఆ పటాన్నీ, కౌన్సిల్ అజెండానూ తెలుగులో సమావేశానికి వారం ముందు ప్రతి సచివాలయం గోడకు అంటించాలి. మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి వస్తాయి. ఆలోపు మా వార్డులోనైనా మొదలు పెట్టండి. కొలతలు వేయడానికి వచ్చే రోజు చెబితే, ఆ అవ్వను కుర్చీలో కూర్చోబెట్టి అయినా తీసుకొచ్చి కాలువ ఎక్కడ పారేదో చూపిస్తాం.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కొర్లగుంట, తిరుపతి