కాలేజీ జట్టుకి కూడా ఒక సీజన్ ఉండాలండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది ఆకివీడు దగ్గరండి. చిన్న ఐస్ ఫ్యాక్టరీ నడుపుతాను, చేపల లారీలకి, రొయ్యల ప్యాకింగ్‌కి ఐస్ వేస్తాం. మీ పేపర్ మా ఫ్యాక్టరీకి చాలా ఏళ్ల నుంచి వస్తుంది, నేను ఆటల పేజీ చూశాకే మిగతావి చూస్తాను. ఉత్తరం రాయడం మాత్రం ఇదే మొదలు. కాలేజీ ఆటల గురించి రాయాలని ఏడాది నుంచి అనుకుంటున్నా, సీజన్లో తీరిక దొరకదు, ఇప్పుడు కాస్త పట్టుబడులు తగ్గాయి కాబట్టి కూర్చున్నాను.

మా వాడు 2024లో ఎంఎస్ చదవడానికి అమెరికా వెళ్లాడండి. మిషిగన్ రాష్ట్రంలో కలమజూ అని ఊరు, అక్కడ వెస్టర్న్ మిషిగన్ యూనివర్సిటీ. చలి మొదలయ్యాక ఒకరోజు రూమ్మేట్స్‌తో కలిసి వాళ్ల కాలేజీ ఐస్ హాకీ మ్యాచ్‌కి వెళ్లి అక్కడి నుంచే వీడియో కాల్ చేశాడు. వాళ్లకి శుక్రవారం రాత్రి అంటే మనకి శనివారం తెల్లవారుజాము, నేను ఫ్యాక్టరీలోనే ఉన్నాను, కైకలూరు వైపు నుంచి లారీ రావాలి, దిమ్మలు తీయిస్తున్నా. ఫోన్లో వాడు "నాన్నా, నీ ఐస్ చూడు" అని కెమెరా కిందకి తిప్పాడు. అద్దంలా ఉందండి. రెండొందల అడుగుల పొడవు, ఎనభై అయిదు అడుగుల వెడల్పు, ఒక్క గీత లేదు.

నేను ఆట గురించి అడగలేదు, ఐస్ గురించే అడిగాను, ఎంత మందం రా, కింద ఏం పెట్టారు, ఎలా గడ్డకట్టిస్తారు అని. వాడు తర్వాత కనుక్కుని చెప్పాడు. మందం అంగుళం, అంగుళంబావు అంతేనంట. కింద సిమెంటు నేల, ఆ నేలలో పైపులు, పైపుల్లో బాగా చల్లబరిచిన ఉప్పునీళ్లో గ్లైకాలో తిరుగుతుంటాయి. మా దగ్గర కూడా అదే కదండీ, ట్యాంకులో ఉప్పునీళ్లు సున్నా డిగ్రీల కన్నా కిందకి చల్లబడి తిరుగుతుంటే అందులో ముంచిన క్యాన్లలో మంచినీళ్లు దిమ్మ కడతాయి. ఆ ఐస్ మైదానాన్ని రింకు అంటారు, అమ్మోనియా కంప్రెసర్‌తో నడిచే రింకులు కూడా ఉంటాయంట. ఇంకో సంగతి, మధ్యమధ్యలో జాంబోనీ అని ఒక బండి వచ్చి గీతలు పడ్డ పై పొర చెక్కేసి వేడినీళ్లు పోస్తూ పోతుంది. వేడినీళ్లా అని నాకు నమ్మకం కలగలేదు. కానీ ఆలోచిస్తే నిజమే, వేడినీళ్లు పై పొరని కొంచెం కరిగించి దాంతో కలిసిపోతాయి, పైగా వాటిలో గాలి తక్కువ ఉంటుంది కాబట్టి ఐస్ గట్టిగా, నున్నగా వస్తుంది. మా దిమ్మ నడిమధ్యలో తెల్లగా కనపడేది కూడా లోపల ఇరుక్కున్న గాలే. ముప్పై ఏళ్ల నుంచి ఈ పనిలో ఉన్నాను, ఐస్ మీద పరుగెత్తి ఆడతారని, దానికి వేల మంది వస్తారని ఎప్పుడూ అనుకోలేదు.

అలా ఐస్ కోసం మొదలుపెట్టి ఆటలో పడ్డాను. గోల్ కాసేవాడితో (గోలీ అంటారు) కలిపి అటు ఆరుగురు, ఇటు ఆరుగురు, ఇరవై నిమిషాల చొప్పున మూడు పీరియడ్లు. బంతి ఉండదు, పక్ అని మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న గట్టి రబ్బరు బిళ్ల, అది ఎగరకుండా ఉండాలని మ్యాచ్‌కి ముందు ఫ్రీజర్లో పెడతారు. ఆటగాళ్లు నలభై యాభై సెకన్లు ప్రాణం పెట్టి ఆడి బెంచీ మీదకి వచ్చేస్తారు, ఆట ఆగకుండానే ఇంకొకళ్లు దూకుతారు. మొదటి నెల నాకు పక్ కనపడలేదు, మనుషుల్ని చూస్తూ పోతే అది ఎక్కడుందో తెలిసిపోతుందని మా వాడు చెప్పాక అర్థమైంది.

అసలు చెప్పాలనుకున్నది ఆ సీజన్ సంగతండి. అక్టోబర్లో మొదలైతే మార్చి దాకా, దాదాపు ప్రతి వారం శుక్రవారం ఒకటి, శనివారం ఒకటి, మామూలుగా ఒకే జట్టుతో వరసగా రెండు రాత్రులు. సగం సొంత ఊళ్లో, సగం అవతలి ఊళ్లో. ఆ సీజన్లో వీళ్ల లీగ్‌లో తొమ్మిది కాలేజీలు, నార్త్ డకోటా ఉంది, డెన్వర్ ఉంది, ఒమాహా, డులూత్, ఆ ఏడాదే కొత్తగా చేరిన ఆరిజోనా స్టేట్ కూడా ఉంది, అది ఎడారి ఊరండి, ఎండల్లో మన రెంటచింతలకి పెద్దన్నలాంటిది, అక్కడ కూడా రింకు కట్టుకుని ఆడుతున్నారు. కలమజూ నుంచి డెన్వర్ వెయ్యి మైళ్ల పైమాటే. అంత దూరం పోయి ఆడి వచ్చి సోమవారం క్లాసులో కూర్చోవాలి.

కలమజూ అంటే ఎంత ఊరనుకుంటున్నారు? 2020 జనాభా లెక్కల ప్రకారం 73 వేల పైచిలుకు. మన భీమవరంలో సగం. హాకీ జట్టు పెట్టింది 1973లో. అప్పటి నుంచి యాభై ఏళ్లకు పైగా ఒక్కసారి కూడా నేషనల్ టోర్నమెంట్‌లో ఆఖరి నాలుగు జట్లలోకి రాలేదు, దాన్ని ఫ్రోజెన్ ఫోర్ అంటారు. కోచ్ పాట్ ఫెర్ష్‌వైలర్ ఎక్కడి నుంచో వచ్చినాయన కాదు, 1990ల మొదట్లో అదే కాలేజీకి ఆడిన మనిషి. అలాంటి జట్టు 2024-25లో లీగ్ మొదటిసారి గెలిచింది, తర్వాత లీగ్ టోర్నమెంట్ ఫైనల్లో డెన్వర్‌ని 4-3తో రెండో ఓవర్‌టైమ్‌లో కొట్టింది, తర్వాత దేశం మొత్తం మీద పదహారు జట్లు ఆడే టోర్నమెంట్లో నెగ్గుకుంటూ సెయింట్ లూయిస్ చేరింది. సెమీస్‌లో మళ్లీ డెన్వరే.

డెన్వర్ అంటే మాటలు కాదండి. అంతకుముందు ఏడాదే, 2024లో, బోస్టన్ కాలేజీని 2-0తో ఓడించి పదో టైటిల్ కొట్టారు, అన్ని టైటిల్స్ ఇంకెవరికీ లేవు. వాళ్ల కోచ్ డేవిడ్ కార్ల్ గురించి ఒక్క విషయం చెప్పి ముందుకెళ్తాను, ఎందుకంటే అది తెలిసిన రోజు నాకు నిద్రపట్టలేదు. 2008లో ఆ అబ్బాయి మంచి ఆటగాడు, డెన్వర్ యూనివర్సిటీ స్కాలర్‌షిప్ ఇస్తానని మాట ఇచ్చింది, ప్రొఫెషనల్ జట్లు కూడా చూస్తున్నాయి. ప్రొఫెషనల్ జట్లు కొత్త కుర్రాళ్లని ఎంచుకోవడాన్ని డ్రాఫ్ట్ అంటారు, దానికి ముందు చేసే పరీక్షల్లో గుండె జబ్బు బయటపడింది, గుండె కండరం మందంగా పెరిగే జబ్బు, ఇక ఆడకూడదన్నారు. పద్దెనిమిదేళ్ల పిల్లాడు. ఆడలేడని తెలిసి కూడా టాంపా బే అనే ప్రొఫెషనల్ జట్టు డ్రాఫ్ట్ ఆఖరి రౌండ్‌లో అతని పేరు పిలిచింది. కాలేజీ స్కాలర్‌షిప్ వెనక్కి తీసుకోలేదు, వచ్చి చదువుకో, జట్టుతోనే ఉండు, కోచింగ్‌లో సాయం చెయ్యి అంది. ఆ పిల్లాడే తర్వాత అదే జట్టుకి కోచ్ అయ్యి 2022లో, 2024లో టైటిల్స్ తెచ్చిపెట్టాడు.

సరే సెమీస్. మనకి ఏప్రిల్ 11, తెల్లవారకముందే మొదలైంది. మా ఫ్యాక్టరీలో కుర్రాళ్లు కూడా ఫోన్ చుట్టూ చేరారు. వెస్టర్న్ మిషిగన్ 2-0 ఆధిక్యంలో ఉంది, అయిపోయింది అనుకున్నాం, డెన్వర్ వాళ్లు మూడో పీరియడ్‌లో రెండు కొట్టి సమం చేశారు. ఓవర్‌టైమ్‌లో ముందు ఎవరు గోల్ కొడితే వాళ్లదే ఆట. ఒక ఇరవై నిమిషాల ఓవర్‌టైమ్ మొత్తం ఏమీ కాలేదు. రెండోది మొదలై నిమిషం కూడా తిరక్కుండా ఓవెన్ మైకేల్స్ అని కుర్రాడు కొట్టేశాడు. అప్పటికి మాకు బాగా తెల్లారిపోయింది, బయట లారీ హారన్ కొడుతున్నాడు, ఒక్కడూ కదల్లేదు. ఆదివారం పొద్దున్న ఫైనల్లో బోస్టన్ యూనివర్సిటీని 6-2తో ఓడించారు, మైకేల్సే రెండు కొట్టాడు. మొత్తం సీజన్లో 34 గెలిచి, 7 ఓడి, ఒకటి సమం. యాభై ఏళ్లు ఎదురుచూసిన ఊరు. మా వాడు రోడ్డు మీద నుంచి ఫోన్ చేస్తే జనం అరుపుల్లో వాడి మాట ఒక్కటీ వినపడలేదు.

మర్నాడు మీ ఆటల పేజీ తిరగేశాను, మూడుసార్లు చూశాను, ఐపీఎల్ తప్ప ఏం లేదు. మిమ్మల్ని తప్పుపట్టడం కాదండి. కానీ మన పిల్లలు ఇన్ని వేల మంది ఆ కాలేజీల్లో చదువుతున్నారు, వీసా రూల్ మారితే మొదటి పేజీలో వేస్తారు, వాళ్లు చదివే కాలేజీ దేశంలోనే ఫస్ట్ వస్తే రెండు లైన్లయినా పడాలి కదా. మన దేశం సంగతి కూడా అంతే, లద్దాఖ్ అమ్మాయిలే ఎక్కువగా ఉన్న మన ఐస్ హాకీ జట్టు 2025లో ఆసియా కప్‌లో కాంస్యం తెచ్చింది, మా ఫ్యాక్టరీకి వచ్చేవాళ్లలో ఒక్కళ్లకి తెలీదు.

ఇక మన సంగతి. నా బాధ ఎక్కువ ఇక్కడేనండి. మా వాడు టెన్త్ దాకా వాలీబాల్ బాగా ఆడేవాడు, సంక్రాంతికి మా పక్క ఊళ్లో ఫ్లడ్ లైట్లు పెట్టి ఆడించే టోర్నమెంట్లో పెద్దవాళ్ల జట్టులో తీసుకునేవాళ్లు. ఇంటర్‌కి హాస్టల్ కాలేజీలో వేశాం. గ్రౌండ్ లేదు, అయిదంతస్తుల బిల్డింగ్, కింద బస్సులు పెట్టుకునే జాగా. జిల్లా సెలక్షన్స్‌కి రెండు రోజులు పంపమని అడగడానికి నేనే వెళ్లాను, అక్కడి పెద్దాయన ముఖం కూడా ఎత్తకుండా "ఆటలు కావాలంటే టీసీ తీసుకెళ్లండి" అన్నాడు. నేను తీసుకురాలేదండి. ఫీజు కట్టేశాం, ర్యాంకు భయం, అందరూ అలాగే చేస్తున్నారు అనుకున్నా. వాడు ఏమీ అనలేదు, హాస్టల్ బ్యాగ్‌లో ఉన్న మోకాలి ప్యాడ్లు ఇంటికి పంపించేశాడు. ఇప్పటికీ అటక మీదే ఉన్నాయి. ఆట ఆడలేని పిల్లాడికి ఇచ్చిన మాట నిలబెట్టుకున్న డెన్వర్ గురించి చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ ప్యాడ్లేనండి.

మన దగ్గర కాలేజీ జట్లు లేవని కాదు. యూనివర్సిటీ ఇంటర్ కాలేజియేట్ మీట్ అని పెడతారు, రెండు మూడు రోజులు, పిల్లలు పొద్దున్న బస్సు దిగి మధ్యాహ్నం ఓడిపోయి సాయంత్రం ఎక్కేస్తారు. అంతటితో ఆ ఏడాదికి జట్టు అయిపోయింది. చూసేవాడు ఉండడు, ఎక్కడ జరుగుతుందో ఊళ్లో వాళ్లకి తెలియదు. రెండు రోజుల్లో జట్టు ఎలా తయారవుతుందండి? రొయ్య పిల్ల వదిలాక నాలుగు నెలలు చూసుకోందే కౌంటుకి, అంటే అమ్మే సైజుకి, రాదు, ప్రతిరోజూ చెరువు గట్టు మీద నుంచోవాలి, మేత చూడాలి, నీళ్లు చూడాలి. మనకి సీజన్ అంటే ఏంటో ఎవరూ నేర్పక్కర్లేదు. ఆటకి మాత్రం సీజన్ లేదు.

నేను అడిగేది పెద్ద స్టేడియం కాదు, ఐస్ రింకు అసలే కాదు. వాలీబాల్, కబడ్డీ చాలు. భీమవరం డీఎన్‌ఆర్ ఉంది, నర్సాపురం వైఎన్ ఉంది, అమలాపురం ఎస్‌కేబీఆర్ ఉంది, తాడేపల్లిగూడెం, తణుకు, పాలకొల్లు అన్నిచోట్లా కాలేజీలున్నాయి. పాలకొల్లు నుంచి భీమవరం గంట లోపు, చించినాడ వంతెన దాటితే కోనసీమ. వాళ్లు వెయ్యి మైళ్లు పోతుంటే మనకి ముప్పై నలభై కిలోమీటర్లు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా, వరి కోతలు, సంక్రాంతి మధ్యలో వస్తాయి కాబట్టి అవి చూసుకుని, ప్రతి శనివారం సాయంత్రం ఒక మ్యాచ్ మన ఊళ్లో, వచ్చే శనివారం వాళ్ల ఊళ్లో. ఒక ఎనిమిది కాలేజీలు ఒప్పుకుంటే చాలు. ఫలానా శనివారం మన కాలేజీ నర్సాపురం మీద ఆడుతుందంట అని టీ కొట్టు దగ్గర అనుకోవాలి, పోయినసారి అక్కడ ఓడిపోయాం ఈసారి మన గ్రౌండ్ అనుకోవాలి. జనం వస్తారా అని అడిగితే, గోదావరి జిల్లాల్లో ఎవరో ఇద్దరు పోటీ పడుతుంటే చూడ్డానికి రానివాళ్లు ఉన్నారా? అమ్మాయిల జట్లకి కూడా అదే రోజు, అదే కోర్టులో, ముందో వెనకో మ్యాచ్ పెట్టొచ్చు.

ప్రిన్సిపాల్స్, ఆటలు నేర్పే పీడీలు, పాత విద్యార్థులు ఎవరైనా ఇది చదివితే ఒక్కసారి కూర్చుని మాట్లాడుకోండి. ఎడిటర్ గారికి నా విన్నపం ఏంటంటే జిల్లా పేజీలో శనివారం నాడు ఎవరి మీద ఎవరు, ఎక్కడ, ఎన్నింటికి అని చిన్న బాక్స్ వేయండి, సోమవారం స్కోరు వేయండి, ఆడిన పిల్లల పేర్లు వేయండి. పేరు పేపర్లో పడిన పిల్లాణ్ని మాలాంటి నాన్నలు అంత తేలిగ్గా ఆట మానిపించలేరు.

ఇది మొదలైతే సీజన్ మొత్తం దెబ్బలకి కట్టుకునే ఐస్ మా ఫ్యాక్టరీ నుంచి పంపిస్తాను, ఏ ఊళ్లో మ్యాచ్ అయినా సరే, డబ్బులు వద్దు. శనివారం మధ్యాహ్నం మూడింటికల్లా బండి గ్రౌండ్ దగ్గర ఉంటుంది.

ఇట్లు,
ఆకివీడు నుంచి మీ పాఠకుడు