ఖాళీలున్న పేర్లను అలాగే ఉండనివ్వు

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం చదివాను. మీ ఇంటి పాత ఫోటోలన్నీ స్కాన్ చేసి, వాటిని సర్దడానికి షెల్ (మనం టైపు చేసిన కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రాము) స్క్రిప్టు రాస్తున్నావంటే చాలా సంతోషం వేసింది. కానీ "పేర్లలో ఖాళీలు తీసేస్తే గొడవ వదిలిపోతుంది" అన్నావు చూడు, దానికి మాత్రం నేను ఒప్పుకోను. "1974 అమ్మమ్మ, తెనాలి" అని మీ నాన్నగారు ప్రేమగా పెట్టిన పేరు అది. మారాల్సింది స్క్రిప్టు.

యూనిక్స్ కుటుంబపు ఆపరేటింగ్ సిస్టమ్‌లలో (లినక్స్ కూడా అందులోదే) ఫైలు పేరుకు పనికిరానివి రెండే: స్లాష్ గుర్తు (/), విలువ సున్నాగా ఉండే బైటు. ఖాళీ, కామా, తెలుగు అక్షరం, చివరికి కొత్త లైను గుర్తు కూడా చెల్లుతాయి. కాబట్టి మీ నాన్నగారి పేర్లలో ఏ దోషమూ లేదు.

మరి పేర్లు ముక్కలెందుకవుతున్నాయి? ఫోల్డరులోని పేర్లు చూపే ఎల్‌ఎస్ (ls) కమాండు ఇచ్చిన జాబితాను నువ్వు ఫర్ లూపుకు (ఒక్కో పేరు మీదా అదే పని మళ్లీ మళ్లీ చేసే భాగానికి) అందిస్తున్నావు. షెల్‌కు అది ఒక పెద్ద వాక్యంలా కనబడుతుంది, ఖాళీ ఉన్న ప్రతిచోటా తుంచేస్తుంది. ఎల్‌ఎస్ మన కళ్ల కోసం పుట్టింది, స్క్రిప్టుల కోసం కాదు. దాన్ని తీసేసి, లూపులో నేరుగా ./197[0-9]* అనే నమూనా రాయి: ./ అంటే ఈ ఫోల్డరు, [0-9] అంటే ఒక అంకె, నక్షత్రం (*) అంటే ఆ తర్వాత ఏమున్నా సరే. డెబ్భైల నాటి ఫోటోలన్నీ వస్తాయి, ఒక్కో పేరూ చెక్కుచెదరకుండా వస్తుంది. ఆ తర్వాత లూపు లోపల వేరియబుల్ వాడిన ప్రతిచోటా దానికి డబుల్ కోట్స్ పెట్టు. పెట్టకపోతే షెల్ పేరును మళ్లీ తుంచడమే కాదు, అందులో నక్షత్రం గుర్తు ఉంటే దాన్ని కూడా నమూనాగా తీసుకుని వెతుకుతుంది.

నక్షత్రం గుర్తును చదివేది షెల్ అని గుర్తుంచుకో, కమాండు కాదు. ఫైళ్లను తుడిచేసే ఆర్‌ఎం (rm) కమాండు పక్కన * పెడితే ఆర్‌ఎంకు ఆ గుర్తు అసలు కనబడదు. షెల్ ముందే ఫోల్డరులో వెతికి, సరిపోయిన పేర్లను వరుసగా దానికి అందిస్తుంది. 1971 నాటి తొలి యూనిక్స్‌లో ఈ పనికి గ్లాబ్ అనే వేరే ప్రోగ్రామే ఉండేది. తర్వాత ఆ పని షెల్‌లో కలిసిపోయింది, ఆ పేరు మాత్రం నిలిచింది. ఇలా పేర్లు మాత్రమే అందడంవల్ల, అడ్డగీతతో (-) మొదలయ్యే ఫైలు పేరును ఆర్‌ఎం ఒక ఆప్షన్ అని పొరబడుతుంది. నేను నమూనా ముందు ./ పెట్టమన్నది అలవాటుగా కాదు, ఈ ప్రమాదం తప్పించడానికే.

నమూనాకు ఒక్క ఫైలూ సరిపోకపోతే బ్యాష్ (చాలామంది వాడే షెల్) ఆ నమూనానే పేరుగా లూపులోకి పంపుతుంది. నల్‌గ్లాబ్ (nullglob) ఆప్షన్ పెట్టుకుంటే లూపు ఊరికే ముగుస్తుంది.

ఇక మన తెలుగు పేర్ల సంగతి. ఇది నాకు చాలా ఇష్టమైన విషయం! నమూనాలో ప్రశ్న గుర్తు (?) ఒక్క అక్షరానికి సరిపోతుందని పుస్తకాలు చెబుతాయి కదా, "అమ్మ" అనే పేరుకు ఎన్ని ప్రశ్న గుర్తులు కావాలి? రెండు కాదు, నాలుగు సంకేతాలకు నాలుగు: అ, మ, పొల్లు, మళ్లీ మ. లొకేల్ (భాష, అక్షరాల సెట్టింగు) యూటీఎఫ్-8 అయితే షెల్ లెక్క అది. ఒక్కోటీ మూడు బైట్లు, ఆ నాలుగూ కలిసి 12 బైట్లు. లొకేల్ "సీ" (C) అయితే షెల్ బైట్లనే లెక్కపెడుతుంది. నిర్ణీత సమయానికి పనులు నడిపే క్రాన్ ద్వారా నడిపేటప్పుడు లొకేల్ మారవచ్చు కాబట్టి, తెలుగు పేర్లకు ప్రశ్న గుర్తు వాడకు, నక్షత్రమే మేలు. లినక్స్‌లో సాధారణంగా పేరుకు 255 బైట్లే పరిమితి, అంటే తెలుగులో 85 సంకేతాలు. మీ నాన్నగారు వాక్యాలు రాస్తే అది త్వరగానే నిండుతుంది.

లోపలి ఫోల్డర్లలో వెతకడానికి ఫైండ్ (find) కమాండు వాడితే, ప్రింట్‌జీరో (-print0) ఆప్షన్ పెట్టి, ఆ పేర్లను అందుకుని వేరే కమాండుకు ఇచ్చే ఎక్స్‌ఆర్గ్స్‌కు (xargs) మైనస్ సున్నా (-0) ఇవ్వు. పేర్ల మధ్య సున్నా బైటు వస్తుంది, అది ఏ పేరులోనూ ఉండదు కాబట్టి తికమకే లేదు. యూనిక్స్ తరహా సిస్టమ్‌లకు ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్ 2024 కూర్పులో కూడా ఇవి చేరాయి.

స్క్రిప్టును ముందు ఫోటోల నకలు మీద నడుపు. సరిచేశాక నాకు పంపు, కోట్స్ ఎక్కడైనా జారాయేమో చూస్తాను. నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు.

నీ మిత్రుడు