మోడల్ రైలు కింద నేల గురించి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

ఆదివారం అనుబంధంలో మోడల్ రైళ్ల మీద వేసిన ఆర్టికల్ చదివా, బాగుంది, కాకపోతే మొత్తం ఇంజన్లు, బోగీలు, కంట్రోలర్ల గురించే ఉంది, రైలు నడిచే నేల గురించి రెండు ముక్కలైనా లేవు. ఎంత ఖరీదైన ఇంజనైనా మెరిసే పట్టాల మీద, ఒకే పచ్చరంగు మ్యాట్ మధ్యలో తిరుగుతుంటే బొమ్మలాగే ఉంటుందండీ. జర్మనీలోని హాంబర్గ్‌లో 2001లో తెరిచిన మోడల్ రైళ్ల ప్రదర్శన మినియేచర్ వండర్‌ల్యాండ్‌నే చూడండి, రైళ్లతో పాటు ఊళ్లు, కొండలు, రాత్రయితే వెలిగే దీపాలు ఉండబట్టే జనం అక్కడ అంతసేపు నిలబడిపోతారు.

ముందు కంకర సంగతి చెప్తా. హెచ్‌ఓ స్కేల్ అంటే అసలు సైజులో 87వ వంతు, అంటే 5 సెంటీమీటర్ల కంకర రాయి ఇక్కడ అర మిల్లీమీటర్ కంటే కాస్త పెద్దది, అంతే. చాలామంది ముతక కంకర పోసేస్తారు, ఇక ట్రాక్ పక్కన బండరాళ్లు దొర్లినట్టే. సన్నది తీసుకుని మెత్తటి బ్రష్‌తో స్లీపర్ల (పట్టాల కింద అడ్డంగా ఉండే దిమ్మెల) మధ్యకి సర్ది, వాటి పైన ఒక్క గింజ కూడా మిగలకుండా దులిపి, ముందు నీళ్లు స్ప్రే చేసి, తర్వాత నీళ్లు కలిపిన తెల్ల గమ్ చుక్కచుక్కగా వదలాలి. అందులో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేస్తే పైన నిలబడకుండా లోపలికి ఇంకిపోతుంది. పాయింట్ల దగ్గర, అంటే రైలు ఒక ట్రాక్ నుంచి ఇంకో ట్రాక్‌కి మళ్లే చోట, మాత్రం చాలా జాగ్రత్త, కదిలే బ్లేడ్ల మధ్య గమ్ ఎండిందంటే పాయింట్ మారదు.

పట్టాల పక్కలకి తుప్పు రంగు వేసి పైభాగం శుభ్రంగా తుడిచెయ్యాలి, కరెంటు అక్కడి నుంచే కదా చక్రాలకి వెళ్లేది. మిగతాదంతా గమనించడమే: ఇంజన్ ఆగే చోట పట్టాల మధ్య నూనె మరకలు, సొరంగం నోటి పైన మసి, పాతబడ్డ తారురోడ్డు నల్లగా కాకుండా బూడిద రంగులో, దూరపు కొండలు పాలిపోయినట్టు నీలంగా. గడ్డి కూడా ఒకే పొడవు, ఒకే రంగు అయితే నమ్మబుద్ధి కాదు, అక్కడక్కడ ఎండినది కలపాల్సిందే.

దయచేసి దీని మీద ఇంకో ఆర్టికల్ వేయండి. ఫొటోలు పైనుంచి వద్దండీ, ప్లాట్‌ఫామ్ మీద నిలబడ్డ బొమ్మ మనిషి కంటి ఎత్తులో తీయించండి, హెచ్‌ఓలో ఆ మనిషి రెండు సెంటీమీటర్లే ఉంటాడు, కెమెరా అంత కిందకి దించితేనే కంకర, తుప్పు, గడ్డి చదివేవాళ్లకి కనబడతాయి.

ఇట్లు,
మీ పాఠకుడు