రిమోట్ ఎల్‌ఈడీ లైటు మా దగ్గర కొన్నవాళ్లకు

హన్మకొండలో మా అక్వేరియం షాపుకు వచ్చే మెరైన్ (ఉప్పునీటి) ట్యాంక్ వాళ్లందరికీ నమస్కారం. పోయిన దసరా నుంచి ఈ ఏప్రిల్ దాకా నేను అమ్మిన 165 వాట్ల నల్ల డబ్బా లైటు, అదే రిమోట్‌తో నడిచేది, వాపసు తీసుకుంటున్నాను. మొత్తం పదకొండు మంది కొన్నారు. ఏడుగురితో ఫోన్‌లో మాట్లాడాను. నలుగురి నంబర్లు కలవడం లేదు. వాళ్ల కోసం, కొత్తగా కోరల్స్ (బతికున్న పగడపు జీవులు) పెడదామని అనుకుంటున్న వాళ్ల కోసం జరిగింది మొత్తం రాస్తున్నాను.

హంటర్ రోడ్డులో ఒక మేడం మూడడుగుల ట్యాంక్ పెట్టుకున్నారు. అందులో ఐదు మష్రూమ్ కోరల్స్, రెండు రాళ్ల నిండా జోయాంథిడ్స్ (చిన్న పువ్వుల్లా గుంపుగా విచ్చుకునేవి, మేం జోయాలు అంటాం), ఒక లెదర్ కోరల్. అన్నీ మా దగ్గర తీసుకున్నవే. మే నెల మొదట్లో మష్రూమ్స్ రంగు తగ్గుతోందని ఫొటో పంపారు. ఫొటో చూసి నీళ్లలో లోపం అన్నాను. కాల్షియం సీసా, మెగ్నీషియం సీసా, ఆ తర్వాత ఇంకో రెండు సీసాలు ఇచ్చాను. అన్నీ కలిపి 3,400 రూపాయలు. ఆమె నమ్మి కొన్నారు. రోజూ కొలిచి పోశారు. అయినా తేడా రాలేదు.

మూడోసారి ఫోన్ వచ్చాక నేనే వెళ్లాను. అరచేతంత ఉండాల్సిన మష్రూమ్ రూపాయి బిళ్లంత అయింది. అంచులు లోపలికి ముడుచుకున్నాయి. ఎర్రగా ఉండాల్సిన ఒళ్లు ఉల్లిపొరలాగా పలచబడి, వెనక ఉన్న రాయి కనిపిస్తోంది. జోయాలు ఒక్కటి కూడా విచ్చుకోలేదు. చొక్కా గుండీల్లాగా మూసుకుని ఉన్నాయి. పైనున్న లెదర్ కోరల్ మాత్రం కొంచెం నయం.

అప్పటికి వారం ముందే పార్ మీటర్ కొన్నాను. కోరల్‌కు పనికొచ్చే వెలుతురు, అంటే 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య కిరణాలు ఎంత పడుతున్నాయో నీళ్లలో ముంచి కొలిచేది. ధర 50 వేలు దాటింది. మా షాపుకు అది పెద్ద ఖర్చే. ఎన్నాళ్లుగానో వాయిదా వేస్తూ వచ్చాను. సెన్సర్‌ను మష్రూమ్ పక్కన పెడితే 310 పార్ చూపించింది. మష్రూమ్‌కు 50 అటూ ఇటూ చాలు. ట్యాంక్ పెట్టిన రోజు లైటు సెట్ చేసింది నేనే. బ్లూ 30 శాతం, వైట్ 5 శాతం. "నేను రిమోట్ ముట్టుకోనే లేదన్నా" అన్నారు మేడం. వాళ్ల అబ్బాయి మాత్రం ఒక మాట గుర్తు చేశాడు. గాలిదుమారం వచ్చి రాత్రి కరెంటు పోయింది, ఆ మరుసటి రోజు నుంచే జోయాలు మూసుకున్నాయని.

స్విచ్ ఆపి పది నిమిషాలు ఆగి మళ్లీ వేశాం. వైట్ 10, బ్లూ 100తో వెలిగింది. ఆ లైటుకు కరెంటు పోతే మనం పెట్టిన సెట్టింగ్ గుర్తుండదు. ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో మళ్లీ అక్కడికే పోతుంది. అమ్మేముందు షాపులో ఇన్వర్టర్ మీద పెట్టి చూశాను తప్ప, ఒక్కసారి కూడా ప్లగ్ తీసి పరీక్షించలేదు. మన దగ్గర ఎండాకాలం సాయంత్రాలు ఎలా ఉంటాయో తెలిసి కూడా ఆ పని చేయకపోవడం నా తప్పు. సీసాలతో బాగవుతుందని చెప్పడం రెండో తప్పు.

బ్లూ అంత పెరిగితే కంటికి ఎందుకు తెలియలేదని చాలామంది అడిగారు. మన కన్ను ఆకుపచ్చ వెలుతురును బాగా పట్టుకుంటుంది. 555 నానోమీటర్ల దగ్గర దాని శక్తి గరిష్ఠం. అదే 450 దగ్గరి నీలాన్ని అందులో నూటికి నాలుగు వంతులే గ్రహిస్తుంది. అందుకే బ్లూ పూర్తిగా పెట్టినా గది మసక మసకగానే ఉంటుంది. కోరల్‌కు మాత్రం అది నడినెత్తిన ఎండ. ఫోన్‌లో లక్స్ యాప్‌తో కొలిచినా మోసపోతాం. లక్స్ లెక్క కూడా మన కంటిని బట్టి కట్టిందే.

కోరల్ ఒంట్లో జూజాంథెల్లే అనే నాచు కణాలు కాపురం ఉంటాయి. వెలుతురుతో అవి తయారుచేసే తిండే కోరల్‌కు ముఖ్య ఆధారం. వెలుతురు మరీ ఎక్కువైతే ఆ కణాల్లో హాని చేసే రకం ఆక్సిజన్ పుడుతుంది. దాన్ని తట్టుకోలేక కోరల్ వాటినే బయటికి నెట్టేస్తుంది. రంగు పోవడం అంటే ఇదే. నీళ్లు వేడెక్కితే ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. ఆ రోజు మేడం ట్యాంక్‌లో 30 డిగ్రీలు ఉంది. ఉండాల్సింది 25, 26. మేలో వరంగల్‌లో ఫ్యాన్ మాత్రమే పెట్టి నెట్టుకొచ్చే ట్యాంక్‌లో వెలుతురు విషయంలో చిన్న పొరపాటు కూడా పెద్ద దెబ్బ అవుతుంది.

వాట్ల సంగతి కూడా చెప్పాలి. "లీటరుకు ఇన్ని వాట్లు" అని ఇన్నేళ్లు మీకు లెక్క చెబుతూ వచ్చాను. అది ట్యూబ్‌లైట్ల కాలం నాటి లెక్క. ఈ డబ్బాలో 55 బల్బులు, ఒక్కొక్కటి 3 వాట్లవి. గుణిస్తే 165. ప్లగ్ మీటర్ పెట్టి చూస్తే ఫుల్ మీద కూడా 112 వాట్లే తీసుకుంటోంది. అంటే పెట్టె మీది అంకె కరెంటు బిల్లుకూ పనికిరాదు, కోరల్‌కూ పనికిరాదు. కోరల్ దగ్గరికి ఎంత చేరుతోందన్నదే లెక్క.

మా షాపు డిస్‌ప్లే ట్యాంక్‌లో వేరే లైటు పెట్టి ఒక సాయంత్రమంతా కొలిచాను. నీటి మీద 25 సెంటీమీటర్ల ఎత్తున లైటు, బ్లూ 40 శాతం. రాయి నెత్తిన 140 వచ్చింది. నడుమ ఇసుక మీద 60. మూలల్లో 25. లైటు అడుగున తుంపర్లు ఎండి తెల్లగా ఉప్పు పేరుకుంది. తడిగుడ్డతో తుడిచి మళ్లీ కొలిస్తే నెత్తిన 140 కాస్తా 158 అయింది. ఒకే ట్యాంక్‌లో ఇంత తేడా ఉన్నప్పుడు "ఈ లైటు మంచిదా?" అన్న ప్రశ్న కంటే "ఈ కోరల్‌ను ఎక్కడ పెట్టాలి?" అన్న ప్రశ్నే ముందు అడగాలి. నేనైతే మష్రూమ్స్ ఇసుక మీద, జోయాలు నడిమెత్తు రాళ్ల మీద, లెదర్ పైన పెడతాను. నాలుగడుగుల ట్యాంక్‌కు ఒక్క పెద్ద లైటు కంటే రెండు చిన్నవి, తక్కువ శాతం మీద నడిపితే నీడలు తక్కువ పడతాయి.

అక్రోపోరా లాంటి గట్టి కోరల్స్ తెప్పించమని ఇంకా అడుగుతున్నారు. తెప్పించను. 2001లోనే వాటిని వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. వాటి వ్యాపారం నేరం. సముద్రంలో తరతరాలు పెరిగిన దిబ్బను విరిచి తేవడం నాకు ఇష్టం కూడా లేదు. మనం పెట్టుకునే మెత్తటి కోరల్స్‌కు 300 పార్ ఇచ్చే లైటు అవసరమే లేదు. ఈ సంగతి తెలిసీ పెద్ద లైట్లే మీ చేత కొనిపించాను. ఇకపై కొనిపించను.

ఇప్పుడు ఆ పదకొండు మందికి. ఈ రోజే స్విచ్ ఆపి పది నిమిషాల తర్వాత వేసి, రిమోట్‌లో బ్లూ ఎంత ఉందో చూడండి. వంద చూపిస్తే 30కి దించి, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ మళ్లీ దించండి. లైటు తెచ్చిస్తే పూర్తి డబ్బు ఇస్తాను, లేదంటే నాబ్‌లు తిప్పే మోడల్ ఇస్తాను. నాబ్ ఎక్కడ ఆపితే అక్కడే ఉంటుంది. ఆ మోడల్‌ను ఇరవైసార్లు ప్లగ్ తీసి పెట్టి చూశాను. ఈ లైటు వల్ల రంగు పోయిందని సీసాలు కొన్నవాళ్లకు ఆ డబ్బు కూడా వాపసు. చనిపోయిన కోరల్స్ బదులు కొత్త కోరల్ ముక్కలు, స్టాక్ రాగానే మొదట మీకే. వరంగల్, హన్మకొండ, కాజీపేటలో మీ ఇంటికి వచ్చి పార్ కొలిచి పెడతాను, డబ్బులేమీ వద్దు. ఈ లైటు కొననివాళ్లు పిలిస్తే 300 తీసుకుంటాను.

రంగు పోయిన కోరల్‌ను ఒక్కసారిగా చీకట్లో పెట్టకండి. కింద, నీడ పడే చోటికి మార్చి అక్కడే వదిలేయండి. రోజూ చోటు మార్చొద్దు. మళ్లీ విచ్చుకోవడం మొదలయ్యాక లైటును వారానికి 5 శాతం చొప్పున పెంచండి. లైటు రోజుకు ఎనిమిది, తొమ్మిది గంటలు చాలు. ఎండాకాలం సాయంత్రం నాలుగింటికి వేసి రాత్రి పన్నెండింటికి ఆపుకోండి, మధ్యాహ్నం వేడికి ఇది తోడవకుండా ఉంటుంది. ఫ్యాన్ పెట్టినవాళ్లు ఆవిరై తగ్గిన నీటికి బదులు ఆర్‌ఓ నీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు. పళ్ల చక్రం తిరిగే టైమర్ వాడుతున్న వాళ్లు దాన్ని తీసేయండి. కరెంటు లేనంతసేపు అది ఆగిపోతుంది. రెండు గంటలు పోతే రెండు గంటలు వెనకబడుతుంది. లోపల బ్యాటరీ ఉండే డిజిటల్ టైమర్ మా దగ్గరుంది, కొన్న ధరకే ఇస్తాను.

హంటర్ రోడ్డు మేడం ఐదు మష్రూమ్స్‌లో రెండు పోయాయి. మిగిలిన మూడింటిలో ఒకదానికి నోటి చుట్టూ లేత ఎరుపు తిరిగి వచ్చిందని నిన్న ఫొటో పంపారు. జోయాలు సగం తెరుచుకున్నాయి. వచ్చే శనివారం మళ్లీ మీటర్ పట్టుకుని వెళ్తున్నాను. అటు హంటర్ రోడ్డు, వడ్డేపల్లి వైపు ఇంకెవరికైనా కొలవాలంటే శుక్రవారం లోపు షాపు వాట్సాప్‌కు ట్యాంక్ పొడవు, లోతు, లైటు ఎత్తు రాసి పంపండి, అదే రోజు వచ్చేస్తాను. బిల్లు పోయినా ఫర్వాలేదు. ఎవరికి ఏం అమ్మానో నా పుస్తకంలో రాసే ఉంది.