తెరపై గుర్తులు చదవడం ఎవరు నేర్పుతారు?

సంపాదకులకు నమస్కారం.

దేవరకొండ ప్రాంతంలో పదేళ్లుగా మట్టి తవ్వే ఎక్స్‌కవేటర్లను కిరాయికి తిప్పుతున్నాను. (మా వైపు ఏ కంపెనీ యంత్రమైనా జనం నోట ‘ఇటాచీ’యే.) గత వేసవిలో ఒక చెరువు పూడికతీతలో ఉండగా, మిట్టమధ్యాహ్నం యంత్రం తెరపై ఇంజిన్ వేడెక్కుతోందన్న గుర్తు వెలిగి బజర్ మోగింది. మా ఆపరేటర్ బజర్ ఆపే బటన్ నొక్కి పని సాగించాడు. కాసేపటికి ఇంజిన్ తనను కాపాడుకోవడానికి తానే శక్తి తగ్గించుకుంది. హైడ్రాలిక్ పంపు పోయిందనుకుని అందరం కంగారుపడ్డాం. రెండు రోజులకు హైదరాబాద్ నుంచి వచ్చిన మెకానిక్ రేడియేటర్ జాలికి పట్టిన దుమ్మును గాలితో ఊదించి, అరగంటలో వెళ్లిపోయాడు. అన్నాళ్లూ ట్రాక్టర్లు చెరువు కట్ట మీద ఖాళీగా నిలిచాయి.

తప్పు మా ఆపరేటర్ ఒక్కడిదే అనలేను. హెల్పర్‌గా చేరి, గ్రీజు కొడుతూ, పెద్ద ఆపరేటర్ అన్నానికి దిగినప్పుడు లివర్లు పట్టి పని నేర్చుకున్నవాడు. ఇక్కడ చాలామంది నేర్చుకునే దారి అదే. ఆ దారిలో తెర గురించి చెప్పేవారు ఎవరూ ఉండరు. మెత్తని పూడిక మట్టికి డీజిల్ ఆదా చేసే ఎకానమీ మోడ్ చాలు, గట్టి మొరం తగిలితేనే పూర్తి బలమిచ్చే పవర్ మోడ్ కావాలి. కానీ పొద్దంతా పవర్ మోడ్‌లోనే నడుపుతారు. లివర్లు వదిలిన కొన్ని సెకన్లకు ఇంజిన్ వేగాన్ని తగ్గించే ఆటో ఐడిల్‌ను, మళ్లీ అందుకోవడానికి క్షణం పడుతుందన్న చిరాకుతో ఆపేసి ఉంచుతారు. టిప్పర్‌ను వెనక కాక పక్కన నిలిపి, తొట్టి అంచుకు దగ్గరి ఎత్తున్న గట్టు మీద నుంచి నింపితే, 180 డిగ్రీలు తిరగాల్సిన బూమ్ (యంత్రం పొడవాటి చేయి) 60, 70 డిగ్రీలతో సరిపెట్టుకుంటుంది, ఎత్తవలసిన ఎత్తూ తగ్గుతుంది. ఖాళీగా నడిచిన గంటలు, తాగిన డీజిల్ లెక్కలు నా ఫోన్‌కే వస్తాయి. వాటిని మందలించడానికి వాడానే తప్ప, ఎప్పుడూ పక్కన కూర్చోబెట్టుకుని చూపించలేదని ఒప్పుకోవాలి.

2025 జనవరి నుంచి తయారయ్యే చక్రాల నిర్మాణ యంత్రాలకు ఐదో దశ కాలుష్య నిబంధనలు వర్తించడంతో, పొగలోని మసిని పట్టే ఫిల్టర్లు కూడా వచ్చాయి. ఫిల్టర్ నిండిందన్న సూచనను బజర్‌లాగే నొక్కేసి వదిలేస్తే ఖర్చు అరగంట దుమ్ము ఊదడంతో పోదు.

పారా తట్టలతో దేశమంతటా ఆనకట్టలకు మట్టి మోసిన ఉమ్మడి పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాలోనే, పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పథకం కింద నార్లాపూర్ నుంచి ఉదండాపూర్ దాకా జలాశయాల కట్టలను యంత్రాలు పోశాయి. రాష్ట్రంలో 65 ప్రభుత్వ ఐటీఐలను అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మార్చే పథకంలో, ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు కనీసం ఒక్కొక్క ఎక్స్‌కవేటర్ సిమ్యులేటర్‌ను (అసలు యంత్రం లేకుండా నడపడం నేర్పే పరికరాన్ని) కేటాయించాలని కోరుతున్నాను. కొత్తగా చేరేవారికే కాక, పదేళ్లుగా నడుపుతున్నవారికి వానాకాలంలో, పనులు ఆగినప్పుడు, రెండు వారాల తరగతులు పెట్టాలి. ఆ రోజులకు బత్తా ఇవ్వడానికి మాలాంటి యజమానులు వెనుకాడకూడదు.

మా యంత్రాల తెరల్లో తెలుగు లేదు. మా ఆపరేటరూ నేనూ కలిసి పది ముఖ్యమైన గుర్తులకు అర్థాలు అట్ట మీద రాసి క్యాబిన్‌లో అంటించాం. ఎండకు నెలకోసారి వెలిసిపోతోంది, మళ్లీ రాస్తున్నాం. కంపెనీలు ఆ పది మాటలనైనా తెరలోనే తెలుగులో పెట్టాలి.

ఇట్లు,
ఒక యంత్ర యజమాని,
దేవరకొండ, నల్లగొండ జిల్లా